చాపకూడు తిన్న పిల్లలు

పల్నాటి కథ గురించి ఎవరు మాట్లాడినా చాపకూడు దగ్గర మొదలుపెడతారు. పన్నెండో శతాబ్దంలోనే బ్రహ్మనాయుడు చాపలు పరిచి అన్ని కులాల వాళ్లనీ ఒకే బంతిలో కూర్చోబెట్టాడని, మాచర్ల చెన్నకేశవుడి గుడిలోకి అంటరానివాళ్లని రానిచ్చాడని, మాల కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనకి నాయకుణ్ణి చేశాడని. మంచి మాటలే. ఈ మూడూ చెప్పి, ‘చూశారా, ఎనిమిదొందల ఏళ్ల కిందటే మన దగ్గర సమానత్వం’ అని ఆపేస్తే సభ చప్పట్లు కొడుతుంది. నా పేచీ ఆ చప్పట్లతోనే. ఎందుకంటే కథ అక్కడ ఆగదు. చాపకూడు తిన్న పిల్లలకి ఆ తర్వాత ఏమైందన్నదే అసలు కథ. దాన్ని చెప్పకుండా చాపకూడు ఒక్కటే చెప్పడం అంటే పెళ్లి భోజనం గురించి చెప్పి కాపురం గురించి చెప్పకపోవడం లాంటిది.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. ఊళ్లలో, కాలేజీల్లో కుర్రాళ్లతో పనిచేసేవాళ్లు ఈ మధ్య కథని బాగా వాడుతున్నారు. కమ్యూనిటీ స్టోరీటెల్లింగ్ అంటున్నారు, యూత్ మెంటరింగ్ అంటున్నారు. ఊరి కథని ఊరి పిల్లల చేతే చెప్పించాలి, దాంట్లోంచి కులం గురించి, గొడవల గురించి మాట్లాడించాలి అన్నది ఆలోచన. నాకిష్టమైన ఆలోచన. నరసరావుపేట వైపు అలాంటివి రెండు మూడు చూశాను కూడా. పల్నాడులో చేస్తే ఏ కథ తీసుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక ‘మన పల్నాడు’ అనే మాట ఇంకాస్త గట్టిగా వినపడుతోంది, దాంతో పాటే ఆ కథా. కాబట్టి ఈ కథ పిల్లలకి ఏం నేర్పుతుంది అన్నది ఊరికే సాహిత్యచర్చ కాదు. పగలూ పౌరుషాలూ ఇంకా ఓట్ల లెక్కలో ఉన్న చోట, పదిహేడేళ్ల కుర్రాడికి బాలచంద్రుడి కథ చెప్పేవాడు చాలా పెద్ద పని నెత్తికెత్తుకున్నట్టే.

సరే, ఆ కథని ఒకసారి పిల్లల వైపు నుంచి చదువుదాం. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపదలో ప్రధానంగా మనకి దొరికింది బాలచంద్రుడి యుద్ధమే. అంతకు ముందు జరిగినవన్నీ పెద్దవాళ్ల పనులు. నలగామరాజుకీ మలిదేవుడికీ మధ్య రాజ్యం పంపకం, గురజాలకి నాయకురాలు నాగమ్మ, మాచర్లకి బ్రహ్మనాయుడు. కోడిపందెం. ఓడినవాళ్లకి ఏడేళ్ల వలస. గడువు తీరాక మా భాగం మాకివ్వమని అడగడానికి అలరాజుని రాయబారం పంపడం, అతను విషానికి బలైపోవడం. ఇదంతా జరుగుతున్నప్పుడు బాలచంద్రుడూ అతని తమ్ముళ్లూ ఎక్కడున్నారు? ఆటల్లో ఉన్నారు. పెద్దలు కారెంపూడిలో మోహరించారు, పిల్లల్ని వెనక వదిలేశారు. వదిలేయడమే కాదు, సంగతి దాచారు.

దాచిన సంగతి ఎలా బయటపడిందో అందరికీ తెలుసు. బొంగరం ఆడుతుంటే అది వెళ్లి అన్నమ్మ అనే కోమట్ల అమ్మాయి కాలికి తగిలింది. ఆ పిల్లకి మండిపోయింది. అక్కడ మీవాళ్లు యుద్ధానికి దిగితే ఇక్కడ నువ్వు బొంగరాలాడుతున్నావా, ప్రతాపం అక్కడ చూపించు అన్న అర్థంలో నాలుగు దులిపింది. బాలచంద్రుడికి తన తండ్రి గురించిన వార్త తండ్రి నుంచి రాలేదు, గురువు నుంచి రాలేదు. బజారులో, ఎత్తిపొడుపుగా వచ్చింది. నాకు ఈ కథ మొత్తంలో అతి భయంకరమైన చోటు ఇదే. ముక్కలైన శరీరాలు తర్వాత చాలా వస్తాయి కానీ, ఇంత నిజమైన చోటు ఇంకోటి లేదు. ఇప్పటికీ మన కుర్రాళ్లకి ఇంటి పగల సంగతి తెలిసేది ఇలాగేగా? ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. టీకొట్టు దగ్గర ఎవడో ఓ మాటంటాడు, ‘మీ నాన్న ఏం చేశాడో తెలుసా’ అని.

ఆ తర్వాత బాలచంద్రుడు తల్లి దగ్గరికి వెళ్తాడు. ఐతాంబ ఏడుస్తుంది, ఆపాలని చూస్తుంది. కానీ ఎందుకు వెళ్లకూడదో ఒక్క కారణం చెప్పదు, చెప్పలేదు. కోడల్ని చూస్తే మనసు మారుతుందేమోనని మంచాల దగ్గరికి పంపుతుంది. పెళ్లయ్యాక మొగుడి మొహం సరిగా చూడని పిల్ల మంచాల. ఆమె అతన్ని ఆపదు, కత్తి ఇచ్చి సాగనంపుతుంది. దీన్ని వీరపత్నీ ధర్మం అని పాఠ్యపుస్తకాల ధోరణిలో చదువుకుంటూ వచ్చాం. నాకు మాత్రం అందులో ఓ కోపం కూడా వినపడుతుంది. ఇన్నాళ్లూ ఇంకో ఇంట్లో ఉండి, ఇవాళ చావబోతూ గుమ్మంలోకి వచ్చినవాడితో ఆమె ఇంకేం మాట్లాడుతుంది?

సరిగ్గా ఇక్కడే కథ ఒక మెలిక తిరుగుతుంది. సభల్లో దీన్ని సాధారణంగా ఎత్తరు. బాలచంద్రుడు కారెంపూడి చేరేసరికి పెద్దలు సంధి వైపు మొగ్గుతున్నారు. నాగమ్మ వైపు నుంచి మాట వచ్చింది, బ్రహ్మనాయుడు ఒప్పుకునే దారిలో ఉన్నాడు. ఒప్పుకోనిది బాలచంద్రుడు. అలరాజు చావుకి బదులేదీ అని అడిగాడు. అడగడంలో న్యాయం ఉంది. కానీ సంధి ఎందుకో, ఏం పోతుందో, ఏం మిగులుతుందో అతనికి ఎవరూ ముందు చెప్పలేదు కదా. పెద్దలు దాచిపెట్టిన గొడవ చివరికి పిల్లల చేతిలోనే పేలింది. బాలచంద్రుడి ఆవేశాన్ని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, తిట్టేవాళ్లూ ఉన్నారు. నేను నిలదీసేది బ్రహ్మనాయుణ్ణి. వేరే కులాల పిల్లల్ని ఒక చాప మీద కూర్చోబెట్టగలిగినవాడు, కన్నకొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క సాయంత్రం మాట్లాడలేకపోయాడు.

ఇక అనపోతు దగ్గరికి వద్దాం.

బాలచంద్రుడి ‘తమ్ముళ్లు’ రక్తసంబంధీకులు కారు. కంసాలి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, ఇలా తలా ఒక కులం. కలిసి పెరిగారు, కలిసి తిన్నారు, కలిసి కత్తి తిప్పడం నేర్చుకున్నారు. వాళ్లలో అనపోతు బ్రాహ్మణుడు. బ్రహ్మనాయుడి ప్రయోగం మొత్తం ఈ గుంపులో ఉంది. చాపకూడు ఫలితం ఏమిటి అనడిగితే చూపించాల్సింది ఈ పిల్లల్నే. అందరూ కలిసి యుద్ధానికి బయల్దేరతారు. దారిలో బాలచంద్రుడు ఏదో మరిచిపోయానని, మంచాల దగ్గర్నుంచి పట్టుకురమ్మని అనపోతుని వెనక్కి పంపుతాడు. అతను తిరిగొచ్చేసరికి మిగతావాళ్లు లేరు. ఒక రాత మిగిలింది. నువ్వు బ్రాహ్మడివి, నువ్వు యుద్ధంలో చస్తే ఆ పాపం మాకు చుట్టుకుంటుంది, రావద్దు అని దాని సారాంశం. అది చదువుకుని అనపోతు అక్కడే ప్రాణం తీసుకున్నాడు.

ఏ హత్యాపాపానికి భయపడ్డారో అదే జరిగింది, అది మొదటి వ్యంగ్యం. కానీ నాకు అంతకంటే పెద్దది వేరే ఉంది. కుమ్మరి పిల్లాణ్ణి, చాకలి పిల్లాణ్ణి, మంగలి పిల్లాణ్ణి బాలచంద్రుడు వెనక్కి పంపలేదు. వాళ్లు చస్తే పాపం లేదా? ఆ ప్రశ్న ద్విపదలో ఎవరూ అడగరు. అన్నం దగ్గర అందరూ ఒకటే, చావు దగ్గర మాత్రం ఒకడి ప్రాణానికి ఒక లెక్క, మిగతావాళ్ల ప్రాణాలకి ఇంకో లెక్క. చాపకూడు ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో కొలవాలంటే ఇంతకంటే మంచి గీటురాయి ఉండదు. అనపోతుకి మాత్రం ఆ లెక్క అర్థమైంది. తనని కాపాడుతున్నారని అతను సంతోషించలేదు, వెలివేశారనుకున్నాడు. కులం పైమెట్టు మీదున్నవాడు కూడా ఆ మెట్టు వల్లే వెలిపడే దృశ్యం మన పాత సాహిత్యంలో నాకు ఇంకెక్కడా ఇంత సూటిగా కనపడలేదు.

నేను చూసిన ఓ వర్క్‌షాపులో ఈ ఘట్టం అసలు లేదు. చెప్పిన స్క్రిప్టులో చాపకూడు, కోడిపోరు, బాలచంద్రుడి ప్రతాపం ఉన్నాయి, చివర ఐకమత్యం గురించి రెండు మాటలు. టీ బ్రేకులో నేనే ఇద్దరు ముగ్గురు పిల్లలకి అనపోతు కథ చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక కుర్రాడు, ‘అంటే సార్, మిగతావాళ్లకి లెటర్ ఎవరూ రాయలేదా?’ అన్నాడు. ఆ రోజంతా జరిగిన చర్చలో నాకు గుర్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

ఇంతకీ ఈ కథ ఎవరిది? పుస్తకాల్లో శ్రీనాథుడిది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చు వేయించాక చదువుకున్నవాళ్ల చేతిలోకి వచ్చింది. కానీ పల్నాడులో దీన్ని మోసుకొచ్చింది వీరవిద్యావంతులు. కారెంపూడిలో నాగులేటి పక్కన వీర్లగుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకి అక్కడ వీర్ల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. ఆ రోజుల పేర్లు చూడండి, అదొక విషయసూచిక. తిరునాళ్లకి వచ్చినవాళ్లు కథ వినడానికి రారు, కథలో నడవడానికి వస్తారు. వీరుల ఆయుధాలని మొక్కుగా తెచ్చేవాళ్లు, పూనకం వచ్చేవాళ్లు, చాపకూడు తినేవాళ్లు. అక్కడ బ్రహ్మనాయుడు సంఘసంస్కర్త కాదు, దేవుడు.

1970లలో జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు వచ్చి ఈ పాటని టేపు చేసుకున్నాడు. పాడినవాడు అలిసెట్టి గాలెయ్య, మాల కులస్థుడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ‘ద ఎపిక్ ఆఫ్ పల్నాడు’ పేరుతో పుస్తకం వచ్చింది. ఉపశీర్షికలో గాలెయ్య పేరు ఉంది. ఇది చిన్న సంగతిలా కనపడుతుంది కానీ కాదు. మన దగ్గర జానపద కథల పుస్తకం అట్ట మీద సేకరించినవాడి పేరే ఎక్కువగా ఉంటుంది, పాడినవాడు ‘ఒక గాయకుడు’ అయిపోతాడు. గాలెయ్య లాంటివాళ్లు ఈ కథని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పెద్దవాడి వెనక నిలబడి వంత పాడుతూ, ఏళ్ల తరబడి, ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ తగ్గాలో పట్టుకుంటూ నేర్చుకున్నారు. మనం ఇప్పుడు మెంటరింగ్ అని ఇంగ్లీషులో అంటున్నది అదే. తేడా ఒక్కటే, దానికి సర్టిఫికెట్ ఉండేది కాదు.

వెల్చేరు నారాయణరావు 1986లో ఆరు తెలుగు జానపద ఇతిహాసాల మీద రాసిన వ్యాసంలో పల్నాటి కథని భూమి చేతిలో ఉన్న కులాల వీరగాథల వైపు పెట్టారు. నేల కోసం, మగవాళ్ల పౌరుషం కోసం నడిచే కథలు అవి. ఆ విభజన నాకు చాలావరకు నచ్చుతుంది. కానీ నేల ఉన్నవాళ్ల వీరగాథని నేల లేనివాళ్లు పాడుతున్నప్పుడు ఆ గొంతులో ఏం మారుతుంది అన్నది నన్ను వదలదు. వెలమల ఇంటి గొడవని మాల గాయకుడు దేవుడి కథగా పాడతాడు, కన్నమదాసు దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు ఎలా ఉంటుందో అచ్చులో వినపడదు. వర్క్‌షాపులకి నేను చెప్పే ఫిర్యాదు కూడా ఇదే. కథ తీసుకున్నారు, చెప్పేవాణ్ణి వదిలేశారు. కారెంపూడి అరవై కిలోమీటర్లు కూడా ఉండదు, ఒక వీరవిద్యావంతుణ్ణి పిలిచి, దక్షిణ ఇచ్చి, పిల్లల్ని ఆయన ముందు కూర్చోబెట్టడానికి పవర్ పాయింట్ అక్కర్లేదు.

సినిమాల సంగతి త్వరగా ముగిస్తాను. 1947 ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. 1966లో మళ్లీ తీశారు, ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. రెండింట్లోనూ గుర్తుండిపోయేది నాగమ్మే, అది నటీమణుల గొప్ప. తర్వాత 2003 నాటికి ‘పలనాటి బ్రహ్మనాయుడు’ అంటే రైలుని వెనక్కి పంపే హీరో. ఆ సీను మీరు మీమ్స్‌లో చూసే ఉంటారు. నవ్వుకున్నాం, బాగానే ఉంది. కానీ అరవై ఏళ్లలో ఒక పేరు చాపకూడు నుంచి తొడగొట్టడం దాకా ఎలా వచ్చిందో ఆలోచిస్తే, కథని మధ్యలో కోసి వాడుకునే అలవాటు సభలకే కాదు, బాక్సాఫీసుకీ ఉందని తెలుస్తుంది.

దీనికి మందు పక్కనే ఉంది. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పాడు. దూదేకుల ఇంట పుట్టిన మనిషి. ఆయన ఆత్మకథ పేరే ‘పింజారి’, తిట్టుగా వాడే మాటని అట్ట మీద పెట్టుకున్నాడు. ప్రజానాట్యమండలిలో పనిచేస్తూ ఎందరికో బుర్రకథ నేర్పాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. నాజర్ గొప్పతనం గురించి చాలామంది రాశారు, నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ ప్రక్రియ గురించి. బుర్రకథలో కథకుడు ఒక్కడూ ఉండడు. అటొక వంత, ఇటొక వంత. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. కథ ఉద్రేకంలోకి వెళ్తున్న సమయానికి హాస్యం చెప్పేవాడు అడ్డం తగులుతాడు, ‘అదేంటి గురూ’ అంటాడు. రాజకీయం చెప్పేవాడు ఆ పాత సంగతిని ఇవాళ్టి ధరలకో, పన్నులకో ముడిపెడతాడు. అంటే వినేవాడి అనుమానానికి వేదిక మీదే ఒక కుర్చీ వేశారన్నమాట. పౌరుషం కథ చెప్పడానికి ఇంతకంటే భద్రమైన పద్ధతి నాకు తోచదు. బాలచంద్రుడు కత్తి ఎత్తిన చోట ఎవడో ఒకడు ఆపి, ‘ముందు సంధి సంగతి తేల్చు’ అనగలగాలి. ఇప్పటి స్టోరీటెల్లింగ్‌లో మైకు ఒక్కరి చేతిలోనే ఉంటుంది, మిగతావాళ్లు చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతారు.

ఒక అభ్యంతరం రావచ్చు. చాపకూడు లాంటి మంచి జ్ఞాపకాన్ని ఎందుకు గీకుతావు, పిల్లలకి ఆశ ఇవ్వాలి కదా అని. ఆశ కావాలి. కానీ అబద్ధపు ఆశ ఈ నేల మీద నిలవదు. చాపకూడు జరిగిందని చెప్పుకునే పల్నాటి నేలకి ఆనుకునే, వినుకొండలో, 1895లో జాషువా పుట్టాడు. కవి అయ్యాక కూడా సభల్లో కులం పేరుతో అవమానాలు పడ్డాడు. 1941లో గబ్బిలం రాసినప్పుడు, గుడిలోకి వెళ్లలేని మనిషి తన మొర శివుడికి చేర్చమని గబ్బిలాన్ని బతిమాలుకున్నాడు. మాచర్ల గుడి తలుపులు ఎప్పుడో తెరిచారు కదా అని ఆ కవికి ఎవరైనా చెప్పగలరా? వేములూరిపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ, పల్నాటి పుల్లరి సత్యాగ్రహం రోజుల్లో జైలుకి వెళ్లి, అక్కడ ‘మాలపల్లి’ రాశాడు. అందులోనూ ఒక స్నేహం ఉంది, రామానాయుడూ సంగదాసూ. అందులోనూ కలిసి తిరిగిన ఇద్దరిలో చచ్చిపోయేది మాల పిల్లాడే, చంపేది స్నేహితుడి తండ్రే. అయితే ఉన్నవ అక్కడితో వీరస్వర్గం చూపించి ఊరుకోలేదు, ఆ చావు తర్వాత బతికున్నవాళ్లు ఏం చేశారో రాశాడు. నవలకి రెండో పేరు ‘సంగవిజయం’. బాలచంద్రుడి కథకి అలాంటి రెండో భాగం ఎవరూ రాయలేదు. యుద్ధమయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు. పిల్లలు పోయాక పెద్దాయన గుహలోకి వెళ్లాడు. ఎవరికీ జవాబు చెప్పలేదు.

అమ్మాయిల సంగతి వదిలేశాననుకోవద్దు. ఈ కథలో రాజ్యం నడిపిన ఒకే ఒక్క ఆడమనిషి నాగమ్మ, ఆమెని విషం పెట్టించే మనిషిగా, పందెంలో మోసం చేసే మనిషిగా చూపించారు. జిట్టగామాలపాడు నుంచి వచ్చి గురజాల కొలువుని శాసించిన స్త్రీ గురించి గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ అందరూ మగవాళ్లే చెప్పుకున్నారు. పదహారేళ్ల పిల్ల ఈ కథ వింటే ఆమెకి మిగిలే దారులు మూడు. అన్నమ్మలా రెచ్చగొట్టడం, ఐతాంబలా ఏడవడం, మంచాలలా సాగనంపడం. నాలుగోది నాగమ్మ. ఆమె వైపు నుంచి ఈ కథని పూర్తిగా, కోపం లేకుండా చెప్పే గొంతు నేనింకా వినలేదు.

కారెంపూడిలో ఐదు రోజులుంటే జనం కోడిపోరు గురించే మాట్లాడతారు. పిల్లల్ని తీసుకెళ్లే అవకాశం నాకే వస్తే రెండో రోజు, రాయబారానికి తీసుకెళ్తాను. అలరాజు కూడా కుర్రాడే. నలగాముడికి అల్లుడు, మలిదేవుడి వైపు మనిషి. అంటే రెండిళ్లలోనూ అన్నం తిన్నవాడు. యుద్ధం వద్దు, మా భాగం మాకివ్వండి అని మాట్లాడటానికే వెళ్లాడు. గురజాల కొలువులో అతను ఏం మాట్లాడి ఉంటాడో పిల్లల్ని రాయమంటాను. ఒకడు నాగమ్మగా కూర్చుని జవాబు చెప్పాలి. ఇంకొకడు పక్కన నిలబడి, వంతలాగా, ఇద్దర్నీ ఆపుతూ ఉండాలి.